మ్యూట్ అంటే మ్యూటే: డిస్కోర్స్ గురించి ఒక అమ్మ రివ్యూ

ముందే చెప్పేస్తాను, డిస్కోర్స్ నాకు బాగా నచ్చింది. వద్దని ఒకసారి చెప్పిన విషయాన్ని అది మళ్లీ నా ముందుకు తేదు. కావాలన్నదాన్ని నా కంటపడకుండా దాచదు. చర్చలు నడిపే సాఫ్ట్‌వేర్ నుంచి నేను అడిగేది ఈ రెండే. ఈ రెండూ ఒక్కచోట దొరకడానికి మాత్రం చాలా తిరగాల్సి వచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. డిస్కోర్స్ అంటే ఫోరం నడుపుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్. జెఫ్ ఆట్‌వుడ్, రాబిన్ వార్డ్, శామ్ సాఫ్రన్ కలిసి 2013లో బయటికి తెచ్చారు. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా తమ సర్వర్లో పెట్టుకుని సొంత ఫోరం నడుపుకోవచ్చు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ సందేహం వెతుకుతూ మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు డిస్కోర్స్ పేజీ మీదికి వెళ్లే ఉంటారు, పేరు గమనించి ఉండరంతే. దానిలో ఉన్న హంగులన్నీ ఇక్కడ రాయబోవడం లేదు. నాకు ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: నేనేం చదవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

ఈ ప్రశ్న నాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలి. మా అబ్బాయికి టైప్ 1 డయాబెటిస్. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక రోజువారీ పని అంతా తల్లిదండ్రుల మీదే పడే జబ్బు ఇది. చర్మానికి అంటించిన సెన్సర్ కొన్ని నిమిషాలకోసారి గ్లూకోజ్ అంకె చూపిస్తూ ఉంటుంది. అది డెసిలీటర్‌కి 70 మిల్లీగ్రాముల కిందికి దిగితే వెంటనే చూసుకోవాలి, 54 కన్నా తగ్గితే ప్రమాదం. అర్ధరాత్రి అలారం మోగితే లేవాల్సిందే. పిల్లాడు సెన్సర్ ఉన్న వైపుకి తిరిగి పడుకుంటే ఆ ఒత్తిడికి అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. సాయంత్రం బాగా ఆడితే ఆ ప్రభావం రాత్రి నిద్రలో కనిపించొచ్చు. ఇలాంటివి నాకు అర్థమయ్యేలా చెప్పింది నాలాంటి తల్లిదండ్రులే. నాకు ఫోరం కాలక్షేపం కాదు. రాత్రి రెండింటికి సందేహం వస్తే అడగడానికి ఉన్న చోటు అదే.

డిస్కోర్స్‌కి రాకముందు నేను ఒక పెద్ద చర్చల యాప్‌లో ఉండేదాన్ని. దాని పేరు ఇక్కడ అవసరం లేదు, ఆ పద్ధతిలో నడిచేవి చాలానే ఉన్నాయి. తెరవగానే మీ కోసం ఎంచినవి అంటూ ఒక ఫీడ్ వస్తుంది. ఒక రాత్రి అలారానికి లేచి, వాడికి గ్లూకోజ్ ఇచ్చి, అంకె పైకి వచ్చేదాకా మంచం పక్కనే కూర్చుని ఫోన్ తీశాను. నిద్రలోనే బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి రాసిన పోస్టు కనిపించింది. చదువుతూ ఉండిపోయాను. కింద కామెంట్లు కూడా చివరిదాకా చదివాను. ఏ తల్లయినా చదువుతుంది.

మర్నాటి నుంచి నా ఫీడ్ నిండా అవే. వేరే వేరే గ్రూపుల నుంచి, వేరే వేరే తల్లిదండ్రుల నుంచి, కొన్ని ఏళ్ల కిందట రాసినవి కూడా. సెన్సర్ ఊడిపోకుండా ఎలా అంటించాలి, బడిలో టీచర్‌కి ఏం చెప్పాలి లాంటి రోజువారీ పోస్టులు ఎక్కడో అడుగుకి పోయాయి. నాట్ ఇంట్రస్టెడ్ నొక్కాను. ఆ పోస్టు పోయింది, అలాంటిదే ఇంకోటి వచ్చింది. దాన్నీ నొక్కాను. కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ ఇంకో రూపంలో మొదలైంది. ఆ రోజుల్లో అలారం మోగకపోయినా లేచి వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. కంటి మీద కునుకు లేదు. ఆ భయం జబ్బుతో వచ్చిందే, కాదనను. దాన్ని రోజూ కొత్తగా రాజేసింది మాత్రం ఆ ఫీడే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కాబట్టి లోపల ఏం జరుగుతుందో కొంత ఊహించగలను. ఇలాంటి ఫీడ్లు మనం ఏది నొక్కామో, ఏ పోస్టు దగ్గర ఎంతసేపు ఆగామో, కామెంట్లు తెరిచామో లేదో లెక్క పెట్టుకుని, దాన్నిబట్టి తర్వాత ఏది చూపించాలో తేలుస్తాయి. భయంతో ఆగిన చూపుకీ ఆసక్తితో ఆగిన చూపుకీ ఆ లెక్కలో తేడా ఉండదు. నేను నోరు తెరిచి వద్దన్న మాట ఒకవైపు, రాత్రి రెండింటికి నా వేలు ఆగిపోయిన ఆ కొన్ని నిమిషాలు ఇంకోవైపు. ఆ యాప్ రెండోదాన్నే నమ్మింది. నాకు కోపం తెప్పించింది అదే.

వద్దు అనే బటన్లు సరిగా పనిచెయ్యకపోవడం నా ఒక్కదాని అనుభవం కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న మొజిల్లా 2022లో యూట్యూబ్ సిఫార్సుల మీద ఒక అధ్యయనం బయటపెట్టింది. 20,000 మందికి పైగా వాలంటీర్లు తమ బ్రౌజర్ల నుంచి సమాచారం ఇచ్చారు. అక్కర్లేని సిఫార్సుల్లో నాట్ ఇంట్రస్టెడ్ బటన్ ఆపగలిగింది 11 శాతాన్నే. డోంట్ రికమెండ్ ఛానల్ అనే గట్టి బటన్ కూడా 43 శాతం దగ్గరే ఆగింది. అది వీడియోల సంగతి, మనది చర్చల సంగతి, నిజమే. కానీ ఒక టెస్టర్‌గా చెప్తున్నాను: నొక్కినప్పుడు సగంసార్లు కూడా పనిచెయ్యని బటన్‌ని నేను పాస్ చెయ్యను.

ఇక డిస్కోర్స్ దగ్గరికి వస్తాను. నాలాంటి తల్లిదండ్రులతో నేనిప్పుడు ఉంటున్న ఫోరం దాని మీదే నడుస్తుంది.

తెరవగానే కనిపించేది లేటెస్ట్ అనే పేజీ. ఎవరు చివరగా జవాబు రాశారో ఆ చర్చ పైకి వస్తుంది. అంతే, దాని వెనక మన గురించి లెక్క ఏమీ లేదు. పక్కనే న్యూ, అన్‌రీడ్, టాప్ అని ఉంటాయి. తెరవగానే వీటిలో ఏది రావాలో సెట్టింగ్స్‌లో మనమే ఎంచుకోవచ్చు. ప్రతి చర్చకీ నాలుగు స్థాయిలు ఉంటాయి. వాచింగ్ పెడితే ప్రతి కొత్త జవాబుకీ నోటిఫికేషన్ వస్తుంది. ట్రాకింగ్ పెడితే ప్రతి జవాబుకీ నోటిఫికేషన్ రాదు కానీ చర్చ పేరు పక్కన చదవని జవాబులు ఎన్నో అంకె కనిపిస్తుంది. నార్మల్‌లో ఆ అంకె కూడా ఉండదు, ఎవరైనా మన పేరు ప్రస్తావించినా మనకి జవాబిచ్చినా మాత్రం తెలుస్తుంది. మ్యూటెడ్ అంటే ఆ చర్చ లేటెస్ట్ నుంచే మాయమైపోతుంది. ఇవే స్థాయిలు మొత్తం విభాగానికి పెట్టుకోవచ్చు, ట్యాగ్‌కి, అంటే చర్చకి తగిలించే విషయం పేరుకి, పెట్టుకోవచ్చు. విభాగాలకీ ట్యాగ్‌లకీ అయితే వాచింగ్ ఫస్ట్ పోస్ట్ అని ఇంకోటి కూడా ఉంటుంది. కొత్త చర్చ మొదలైతే చెప్తుంది, దాని కింద వంద మంది మాట్లాడుకుంటే పట్టించుకోదు.

నా సెట్టింగ్స్ ఇవి. పరికరాల హెచ్చరికల విభాగానికి వాచింగ్ ఫస్ట్ పోస్ట్. సెన్సర్, అలారం అనే ట్యాగ్‌లకి ట్రాకింగ్. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు మాట్లాడుకునే విభాగానికి మ్యూట్.

ఈ చివరిది రాయడానికి కష్టంగా ఉంది. ఆ తల్లిదండ్రుల బాధ నాకు అక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. వాళ్లకి ఆ చోటు కావాలి, అది మా మధ్యనే ఉండాలి, పక్కకి నెట్టెయ్యకూడదు. నేను ఆ విభాగానికి వెళ్తాను, వాడు బడికి వెళ్లిన వేళ, మనసు నిలబడి ఉన్న రోజు చూసుకుని వెళ్తాను. చదువుతాను, నాలుగు మాటలు రాస్తాను. అర్ధరాత్రి అలారం మోగినప్పుడు మాత్రం ఆ పోస్టులు నన్ను వెతుక్కుంటూ రాకూడదు. ఎప్పుడు వెళ్లాలో నేను నిర్ణయించుకోగలిగితే వాళ్లతో కూడా బాగా మాట్లాడగలుగుతున్నాను. ఇదివరకు వాళ్ల పోస్టు కనిపిస్తే చాలు, స్క్రీన్ పైకి తోసేసేదాన్ని.

ఏ సెట్టింగ్ కనిపించినా ఇది నిజంగా పనిచేస్తుందా అని పరీక్షించి చూడటం నాకు వృత్తిరీత్యా అలవాటు. విభాగాన్ని మ్యూట్ చేసి, లాగౌట్ అయి, మా ఆయన ఫోన్లో లాగిన్ అయ్యాను. లేటెస్ట్‌లో ఆ విభాగం లేదు. అదే విభాగంలోని ఒక చర్చకి ఇంకెవరో ఇచ్చిన లింక్ నొక్కితే మామూలుగా తెరుచుకుంది. విభాగం పేజీకి నేరుగా వెళ్తే అన్నీ అక్కడే ఉన్నాయి. అంటే దాచింది నా దారిలోంచి మాత్రమే, నా నుంచి కాదు. నేను దేన్ని మ్యూట్ చేశానో ప్రిఫరెన్సెస్‌లో ఒక జాబితాగా ఉంటుంది. మనసు మారితే తీసెయ్యొచ్చు. నెల తర్వాత చూసినా నేను పెట్టింది పెట్టినట్టే ఉంది.

అయితే డిస్కోర్స్‌లో ఆటోమేటిక్‌గా జరిగేవి ఏమీ లేవనుకోకండి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అదే. ఒక చర్చలో మనం కాసేపు ఉంటే అది తనంతట తానే ట్రాకింగ్‌లోకి వెళ్తుంది. నిర్వాహకులు మార్చకపోతే ఆ గడువు 4 నిమిషాలు. అంటే డిస్కోర్స్ కూడా మనం ఎంతసేపు చదివామో చూస్తోంది! మొదట తెలిసినప్పుడు ఇక్కడా అదే గోల అనుకుని గుండె జారింది. తర్వాత చర్చ అడుగున ఉన్న బటన్ పక్కన చూశాను. కొత్త జవాబుల సంఖ్య మీకు కనిపిస్తుంది, ఎందుకంటే మీరు ఈ చర్చ చదివారు అని అక్కడే రాసి ఉంది. చదివారు అన్న మాట నొక్కితే ఆ సెట్టింగ్ ఉన్న పేజీ తెరుచుకుంది. అక్కడ వెంటనే, 30 సెకన్లు, ఒక నిమిషం, 10 నిమిషాలు ఇలా ఒక వరస. అందులో ఎప్పుడూ వద్దు అనేది కూడా ఉంది. నేను అది పెట్టుకున్నాను.

ఆ పెద్ద యాప్ చేసిందీ, ఇది చేసిందీ మూలంలో ఒకే పని. రెండూ నేను ఆగిన సమయాన్ని కొలిచాయి. కానీ ఇక్కడ ఆ కొలత ఎంతో రాసి ఉంది. దానివల్ల ఏం మారిందో రాసి ఉంది. మారింది కూడా చర్చ పేరు పక్కన ఒక చిన్న అంకె రావడమే, మిగతా పేజీ నాకోసం తలకిందులు కాలేదు. నచ్చకపోతే ఆపే చోటు ఒక్క క్లిక్ దూరంలో ఉంది. ఆటోమేటిక్ అన్నంత మాత్రాన నాకు పేచీ లేదు. ఏం చేసిందో చెప్పాలి, ఎందుకు చేసిందో చెప్పాలి, వద్దంటే ఆగాలి.

ఇలాంటిదే ఇంకోటి: నిర్వాహకులు పైన పిన్ చేసిన చర్చని చివరిదాకా చదివితే మన వరకు దాని పిన్ ఊడిపోతుంది. చదివినదాన్నే రోజూ పైన చూడక్కర్లేదు. వద్దనుకుంటే ఈ పద్ధతినీ ఆపెయ్యొచ్చు. ఇంత చిన్న విషయానికి కూడా సెట్టింగ్ ఎందుకని అనిపించొచ్చు. నాకు అవసరమైంది. ఇన్సులిన్ మోతాదుల లెక్క రాసి పిన్ చేసిన చర్చ నాకు ఎప్పుడూ పైనే ఉండాలి, రాత్రి నిద్రమత్తులో వెతుక్కునే ఓపిక ఉండదు. అందుకే ఆపేశాను.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలని ఉంది. ఇంటర్నెట్ చర్చలకి యూజ్‌నెట్ తాత లాంటిది. 1979లో ఆలోచన పుట్టి, మరుసటి ఏడాదికి నడక మొదలుపెట్టింది. అందులో పోస్టులు చదవడానికి లారీ వాల్ 1980ల్లో ఆర్‌ఎన్ అనే ప్రోగ్రామ్ రాశాడు. పెర్ల్ భాష రాసింది కూడా ఆయనే. ఆర్‌ఎన్‌లో కిల్ ఫైల్ అని ఒకటి ఉండేది. ఏ విషయం వద్దో, ఎవరి రాతలు వద్దో మన కంప్యూటర్లోనే ఒక ఫైల్లో రాసుకుంటే ప్రోగ్రామ్ వాటిని దాటించేది. ఆ ఫైల్ మనది. తెరిచి చదువుకోవచ్చు, ఒక లైను తీసెయ్యొచ్చు. ఇది పూర్తిగా మన చేతిలో ఉన్న పద్ధతి.

మరి రెండో పద్ధతి, అంటే మన ఇష్టాలు యంత్రమే కనిపెట్టి చూపించడం, ఎక్కడ మొదలైందో చూస్తే, దాని తొలి ప్రయత్నాల్లో ఒకటి కూడా యూజ్‌నెట్‌లోనే! 1994లో గ్రూప్‌లెన్స్ అని ఒక పరిశోధన వచ్చింది. ఎమ్‌ఐటీ, మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు కలిసి చేశారు, పాల్ రెస్నిక్, జాన్ రీడల్ అందులో ఉన్నారు. చదివినవాళ్లు పోస్టుకి 1 నుంచి 5 దాకా మార్కులు ఇస్తారు. ఇదివరకు మీ మార్కులకి దగ్గరగా మార్కులు ఇచ్చినవాళ్లు ఎవరో చూసి, మీరు ఇంకా చదవని పోస్టు మీకు ఎంత నచ్చొచ్చో అది అంచనా వేస్తుంది. నాకు ముచ్చటేసిందేమిటంటే, ఆ అంచనాని పోస్టు శీర్షిక పక్కన చూపించేవాళ్లు. అంచనా యంత్రానిది, చదవాలా వద్దా అన్న నిర్ణయం మనిషిది. పైగా యంత్రం నేర్చుకున్నది మనం తెలిసి ఇచ్చిన మార్కుల నుంచి. అంటే ఈ రెండు పద్ధతులూ పుట్టుకతో శత్రువులు కావు. అంచనా కనిపించకుండా పోయి, దాని ఫలితం మాత్రమే మన ముందు మిగిలినప్పుడు వచ్చింది తేడా అంతా.

యూజ్‌నెట్ చదవడానికే వాడే గ్నస్ అనే ప్రోగ్రామ్‌లో అయితే మన చదువుని గమనించి తనే మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. ఆ మార్కులు కూడా ఫైల్లోనే ఉంటాయి, తెరిచి దిద్దుకోవచ్చు. ఇది తెలిసినప్పటి నుంచి, మా యంత్రం లెక్కలు మీకు చూపించడం కష్టమండీ అని ఎవరైనా అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఫోరం విషయంలో ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫోరం అంటే పదిమంది ఒకచోట కూర్చోవడం. అందరి ముందూ ఉన్నది ఒకటే అయితేనే మాట కలుస్తుంది. ఆ పాత యాప్‌లో ఉన్నప్పుడు ఒక పరికరం గురించి ఒకావిడ హెచ్చరిక పెట్టింది, ఫలానా బ్యాచ్ అయితే వాడకండి, కంపెనీ వెనక్కి తీసుకుంటోంది అని. నాకు పొద్దున్నే పైన కనిపించింది. ఇంకో అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, పైనున్న పోస్టు చూశారా అక్కా అని అడిగాను. పైన అలాంటిదేం లేదమ్మా అంది. ఇద్దరం ఒకే గ్రూపులో ఉన్నాం. ఆవిడ ఫీడ్‌లో పైనున్నది ఇంకేదో. నేను లింక్ పంపితే గానీ ఆవిడకి తెలియలేదు, తీరా చూస్తే ఆవిడ ఇంట్లో ఉన్నది ఆ బ్యాచే. ఆవిడకి టెన్షన్‌తో చేతులు వణికాయట. ఎవరికి ఏది పైన చూపించాలో మనిషికో రకంగా తేలుస్తున్నప్పుడు, అందరికీ తప్పకుండా చేరాల్సింది ఎవరికి చేరిందో ఎవరికీ తెలియదు. పోస్టు పెట్టినావిడకి కూడా తెలియదు.

ఓట్లని బట్టి మంచి పోస్టుని పైకి తేవడం వేరు, మనిషిని బట్టి పేజీ మార్చడం వేరు. ఈ రెంటినీ అల్గారిథం అనే ఒక్క పేరుతో కలిపి తిట్టడం నాకు సరిగా అనిపించదు. టెక్ వార్తల మీద చర్చలు నడిచే హ్యాకర్ న్యూస్ సైటులో కూడా ఓట్లూ గడిచిన కాలమూ కలిపి వరస తేల్చే లెక్క ఉంది, కానీ మొదటి పేజీ అందరికీ ఒకటే. అలాంటిదే ఇంకో సైటు స్లాష్‌డాట్‌లో ప్రతి కామెంటుకీ -1 నుంచి 5 దాకా మార్కు ఉంటుంది. ఆ మార్కు అందరికీ కనిపించేదే. ఎంత మార్కు దాటినవి చూడాలో చదివేవాళ్లు ఎంచుకుంటారు. తీరిక లేని రోజు 4 పెట్టుకుంటే పది కామెంట్లు, తీరిగ్గా ఉన్న రోజు -1 పెట్టుకుంటే అన్నీ. లెక్క అందరిదీ, గీత ఎవరిది వాళ్లది. ఈ పద్ధతి ఇంకా ఎక్కువచోట్ల ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

చట్టాలు కూడా ఈ దారికే వస్తున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో నెలకి 4.5 కోట్ల మందికి పైగా వాడే పెద్ద వేదికలు, మన వివరాల మీద ఆధారపడని ఫీడ్ కనీసం ఒకటైనా ఇవ్వాలని డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 38వ అధికరణ చెబుతోంది. సిఫార్సులు దేన్నిబట్టి చేస్తున్నారో నిబంధనల్లో రాయాలని 27వ అధికరణ. మంచిదే. కానీ పూర్తిగా మీ ఇష్టం లేదా పూర్తిగా మా ఇష్టం అని రెండే ఇస్తే సరిపోదు. నాకు కావలసింది వాటి మధ్యలో ఉంది, అదే డిస్కోర్స్‌లో దొరికింది.

ఇప్పుడు రెండోవైపు. ఇదంతా అందరికీ తేలికేం కాదు. విభాగాలకి ఒకచోట, ట్యాగ్‌లకి ఒకచోట, ఈమెయిళ్లకి ఒకచోట, ఇలా సెట్టింగ్స్ పేజీలు పేజీలు ఉంటాయి. నాకు అది పని కాబట్టి కూర్చుని అన్నీ చూశాను. పిల్లాడికి జబ్బని నిన్ననే తెలిసిన తల్లిని కూర్చోబెట్టి వాచింగ్‌కీ ట్రాకింగ్‌కీ తేడా చెప్తానంటే వింటుందా? ఆమెకి కావలసింది ఇప్పుడు ఏం చెయ్యాలి అన్నదానికి జవాబు. అలాంటివాళ్లకి యంత్రం ముందుండి దారి చూపిస్తే మేలే. నిజం చెప్పాలంటే, పిల్లాడు పరుగు పందెంలో ఉన్నప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో రాసిన ఒక మంచి చర్చ నాకు దొరికింది ఆ పాత యాప్ సిఫార్సుల్లోనే. అడగాలని కూడా నాకు తట్టని ప్రశ్న అది. కొత్తవాళ్లకి ఏది వెతకాలో తెలియదు, తెలియనప్పుడు కంట్రోల్ చేతికిచ్చినా ఏం చేసుకుంటారు?

డిస్కోర్స్‌లో చర్చ అడుగున ఇంకొన్ని చర్చలు సూచిస్తుంది. కొన్నిచోట్ల ఏఐ ప్లగిన్ పెట్టుకుంటే, మనం చదివినదానికి విషయంలో దగ్గరగా ఉన్న చర్చలు చూపిస్తుంది. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే అది పోలుస్తున్నది చర్చని చర్చతో. సెన్సర్ అంటించడం గురించి చదివితే అడుగున సెన్సర్ గురించే వస్తాయి. నిన్న రాత్రి నేనేం చదివి ఏడ్చానో దానికి అక్కర్లేదు.

నాకు ఇంకా కావలసింది మాట మీద ఫిల్టర్. సెన్సర్ చర్చ చదువుతుంటే మధ్యలో ఒకరు తమకి జరిగిన ఘోరం రాస్తారు. విభాగం మ్యూట్ చేసినా ఇది ఆగదు. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో దీనికి మంచి ఏర్పాటు ఉంది: ఫలానా మాట ఉన్న పోస్టుని పూర్తిగా దాచొచ్చు, లేదా ఒక హెచ్చరిక వెనక పెట్టొచ్చు, నొక్కితేనే తెరుచుకుంటుంది. పైగా గడువు పెట్టుకోవచ్చు, ఒక రోజు, ఒక వారం, ఎప్పటికీ. మనసు బాగాలేని వారానికి ఒక వారం ఫిల్టర్. దీన్ని తయారుచేసినవాళ్లకి మనుషులు ఎలా ఉంటారో తెలుసు. నేను ఉండే ఫోరంలో సభ్యులకి ఇలాంటిది లేదు, ఉంటే మా అందరికీ ఎంతో ఉపయోగం. బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్‌లో 2023 నుంచి ఎవరైనా ఫీడ్ తయారుచేసి ఇవ్వొచ్చు, నచ్చినది మనం ఎంచుకోవచ్చు. అదీ బాగానే ఉంది. సెట్టింగ్స్ జోలికి వెళ్లలేనివాళ్లకి, నమ్మకమైన మనిషి చేసిన ఏర్పాటుని తీసుకుని వాడుకోవడం మంచి దారి.

డిస్కోర్స్ తీసుకోవాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇక్కడ కంట్రోల్ అంతా సభ్యుల చేతిలోనే లేదు, నిర్వాహకుల చేతిలో కూడా చాలా ఉంది. కొత్త సభ్యులకి ఏ విభాగాలు మొదటి నుంచే వాచింగ్‌లో ఉండాలి, ఏవి మ్యూట్‌లో ఉండాలి అన్నది వాళ్లు పెట్టొచ్చు. ఒక ట్యాగ్‌ని మ్యూట్ చేసినప్పుడు, దానితోపాటు వేరే ట్యాగ్ కూడా ఉన్న చర్చలు పోవాలా ఉండాలా అన్నదీ వాళ్లదే. చాలామంది సెట్టింగ్స్ జోలికే వెళ్లరు కాబట్టి, వాళ్లు పెట్టిందే చాలామందికి శాశ్వతం. చేరేముందు ఆ ఫోరం నడిపేవాళ్లు ఎలాంటివాళ్లో చూసుకోండి. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా సగం మాట వాళ్లదే.

మా దగ్గర ఈమధ్య దీని మీదే చర్చ నడిచింది. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ల విభాగాన్ని కొత్త సభ్యులకి మొదటి నుంచే మ్యూట్‌లో పెట్టమని నేనే అడిగాను. కొత్తగా జబ్బు బయటపడిన ఇంట్లో మొదటి వారంలో అవి చదివితే తట్టుకోలేరని నా భయం. ఆ విభాగంలోని ఒక తండ్రి జవాబు రాశాడు: మా పిల్లల గురించి చదవాలో వద్దో వాళ్లే తేల్చుకోనివ్వండి, వాళ్ల తరఫున మీరు తేల్చకండి అని. ఆయన మాట నన్ను ఆపింది. అయినా మొదటి వారం విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. నిర్వాహకులు రెండూ విని, విభాగాన్ని అందరికీ కనిపించేలాగే ఉంచారు. స్వాగతం చర్చలో మొదటి పోస్టులోనే, ఈ విభాగం ఉంది, ఇప్పుడు వద్దనుకుంటే ఇక్కడ నొక్కి ఇలా మ్యూట్ చేసుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇలా వెనక్కి తెచ్చుకోండి అని బొమ్మలతో పెట్టారు. ఆ బొమ్మల కింద మాటలు రాసే పని నాకూ ఆ తండ్రికీ కలిపి ఇచ్చారు.